డిసెంబరు 28 ఆరాధన: యుద్ధంలో నలిగే పిల్లల కోసం ధ్యానం ఎలా సిద్ధం చేయాలి?

సాయంకాల ప్రార్థన (ప్రశ్న)

అందరికీ వందనాలు. యేసు పుట్టిన కాలంలో హేరోదు రాజు చంపించిన బేత్లెహేము పసివాళ్లను తలుచుకునే రోజు డిసెంబరు 28. ఆ సాయంత్రం, ఇప్పుడు యుద్ధాల మధ్య ఉన్న పిల్లల కోసం 40 నిమిషాల ఆరాధన సిద్ధం చేయాలి. మత్తయి 2:13-18 చదవాలని మాత్రం ఖాయమైంది. మిగతాదంతా ఖాళీ.

క్రిస్మస్ వెలుగు ఇంకా ఆరని వారంలో ఇంత బరువైన సంగతి ఎత్తుకుంటున్నాం కాబట్టి తేలికగా తేల్చేయడం ఇష్టం లేదు. అలాగని జనాన్ని ఏడిపించి పంపడమూ ఇష్టం లేదు. వాక్యభాగంలో దేని మీద నిలబడాలి? "దేవుడు ఎందుకు ఊరుకున్నాడు" అనేవాళ్లకి ఏం చెప్పాలి? ప్రార్థనలు "లోకశాంతి కోసం" అన్న ఒక్క మాటతో అయిపోకుండా ఎలా రాయాలి? యుద్ధాల పేర్లు ఎత్తితే ఒక పక్షం తీసుకున్నట్టు అవుతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

వాక్యధ్యానం

ముందు వాక్యభాగం సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని మీదే నిలబడాలి.

ఈ ఆరు వచనాల్లో చాలామంది దాటేసి వెళ్లిపోయే తేడా ఒకటుంది. 15వ వచనంలో, ఐగుప్తు ప్రయాణం దగ్గర, ప్రవక్త మాట "నెరవేర్చబడునట్లు" అని ఉంటుంది. అది నెరవేరాలనే ఇది జరిగిందని దాని అర్థం. శిశువుల హత్య దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. అక్కడ వాక్యము "నెరవేరెను" అని ఊరుకున్నాడు మత్తయి. గ్రీకులో ఈ తేడా ఇంకా స్పష్టం. మొదటిచోట "హినా", అంటే "అలా జరిగేందుకు". రెండోచోట "తొతె", అంటే "అప్పుడు". మత్తయి సువార్త మొత్తంలో "అప్పుడు నెరవేరెను" అని ఉన్నది రెండే చోట్ల. ఒకటి ఇక్కడ, రెండోది 27:9లో, యేసుని పట్టిచ్చిన యూదా ముప్పై వెండి నాణేల దగ్గర. రెండూ మనుషులు చేసిన ఘోరాలే. ఆ రెండింటినీ దేవుడి ఉద్దేశం ఖాతాలో రాయడానికి సువార్తికుడి చేయి రాలేదు.

అందుకని "దీని వెనక కూడా దేవుడికో ప్రణాళిక ఉంది", "దేవుడికి చిన్న దేవదూతలు కావాల్సి వచ్చింది" లాంటి మాటలు మీ ధ్యానంలోకి రానివ్వకండి. 16వ వచనంలో కోపం తెచ్చుకున్నది హేరోదు, మనుషుల్ని పంపింది హేరోదు, చంపించింది హేరోదు. మీ వాక్యాల్లో కూడా కర్త కనబడాలి. "పిల్లలు ప్రాణాలు కోల్పోయారు" అనకండి, పోగొట్టుకోవడానికి అదేమీ వస్తువు కాదు. "పిల్లల్ని చంపారు" అనండి. "దేవుడు ఎందుకు ఊరుకున్నాడు" అనే ప్రశ్నకి కొన్ని నిమిషాల ధ్యానంలో జవాబు చెప్పబోతే అబద్ధమే వస్తుంది. ఆ ప్రశ్నని ప్రార్థనగా మార్చి దేవుడినే అడగడం నేర్పింది కీర్తనలు. 13వ కీర్తన మొదలయ్యేదే "ఎన్నాళ్లు" అన్న నిలదీతతో.

రెండోది రాహేలు. 18వ వచనంలో ఆవిడ "ఓదార్పు పొందనొల్లక యుండెను". "పొందలేక" కాదు, "ఒల్లక". ఓదార్పు దొరక్క కాదు, ఇవ్వబోతే వద్దంది. మన తెలుగు బైబిలు ఈ మాట ఎంత చక్కగా పట్టుకుందో చూడండి. మీ ధ్యానమంతా ఈ ఒక్క క్రియ మీద నిలబెట్టొచ్చు. యిర్మీయా 31లో ఈ ఏడుపు 15వ వచనం. వెంటనే 16, 17 వచనాల్లో ఏడుపు మానమని, పిల్లలు తమ సరిహద్దులకి తిరిగి వస్తారని వాగ్దానం. మత్తయి 15వ వచనం వరకే ఎత్తి రాసి ఆపేశాడు. ఆయన ఆగినచోట మనమూ కాసేపు ఆగాలి.

ఇక్కడ ఊళ్ల సంగతి కూడా చెప్పండి. రామా యెరూషలేముకి ఉత్తరాన సుమారు 8 కిలోమీటర్లు. బబులోనుకి చెరగా తీసుకుపోయే జనంతో పాటు సంకెళ్లలో ఉన్న యిర్మీయాను విడిపించింది అక్కడే (యిర్మీయా 40:1). బేత్లెహేము దక్షిణాన. రాహేలు బెన్యామీనును కంటూ ఆ దారిలోనే కన్నుమూసింది (ఆదికాండము 35:16-20). అంటే ఎప్పుడో సమాధిలో ఉన్న తల్లి చెరలోకి పోయే సంతానం కోసం ఏడ్చిందని యిర్మీయా, ఆ ఏడుపే బేత్లెహేములో మళ్లీ వినబడిందని మత్తయి. ఒక యుద్ధంలో పుట్టిన ఏడుపుని ఇంకో కాలపు ఘోరానికి వాడుకోవడం లేఖనమే నేర్పింది. కాబట్టి ఈనాటి పిల్లల్ని ఈ వాక్యంలోకి తేవడం బలవంతపు అన్వయం కాదు.

సంఖ్య గురించి తప్పకుండా ఎవరో అడుగుతారు. బైజాంటైన్ (తూర్పు ఆర్థడాక్స్) ఆరాధనలో 14,000 అంటారు. సిరియా సంప్రదాయంలో 64,000, మధ్యయుగాల్లో ప్రకటన గ్రంథం లెక్కతో 1,44,000. బేత్లెహేము చిన్న ఊరు. వెయ్యి జనం అనుకుంటే రెండేళ్లలోపు మగపిల్లలు ఓ ఇరవై మంది ఉంటారని పండితుల అంచనా. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఈ హత్యల్ని రాయలేదు. హేరోదు తన సొంత కొడుకులు ముగ్గుర్ని చంపించాడని మాత్రం రాశాడు. "ఇరవయ్యేనా" అని ఎవరికైనా అనిపిస్తే, ధ్యానంలో మాట్లాడాల్సింది సరిగ్గా అక్కడే. ఇరవై అంటే ఇరవై ఉయ్యాలలు.

ఇంకో జాగ్రత్త. చనిపోయినవాళ్లు యూదుల పిల్లలు, ఏడ్చినవాళ్లు యూదుల తల్లులు. హేరోదుని రాజుగా ప్రకటించింది క్రీ.పూ. 40లో రోమా సెనేటు. ఈ కథని ఒక జాతి మీద నేరంగా చెప్పే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాన్ని దరిదాపులకి రానివ్వకండి.

---

తిథుల లెక్క

తేదీ, ఆరాధన వస్త్రాల రంగు గురించి చిన్న మాట. రోమన్ కథోలిక, ఆంగ్లికన్, లూథరన్ సంఘాల్లో డిసెంబరు 28. తూర్పు ఆర్థడాక్స్‌లో 29, సిరియన్ ఆర్థడాక్స్‌లో 27. ఐదో శతాబ్దం నుంచీ ఉన్న స్మరణ ఇది. ఇప్పుడు హతసాక్షుల ఎరుపు వాడుతున్నారు. రోమన్ పద్ధతిలో 1960 నియమాలకి ముందు ఆదివారం కాకపోతే ఊదా రంగు వాడి, మహిమ గీతాన్నీ అల్లెలూయానూ ఆపేసేవాళ్లు. క్రిస్మస్ ఎనిమిది రోజుల మధ్యలో అలా ఆపడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. రంగు ఎరుపే ఉంచి, అల్లెలూయా లేకుండా చేసినా ఆ బరువు తెలుస్తుంది.

28 ఆదివారం పడిన ఏడు రోమన్ సంఘంలో పరిశుద్ధ కుటుంబ పండుగ ముందుకొస్తుంది. ఆంగ్లికన్లు చాలాచోట్ల స్మరణని 29కి జరుపుతారు. 2026లో 28 సోమవారం, ఆ ఇబ్బంది లేదు. పండుగల పట్టిక పాటించని సంఘాలకైతే ఏ రోజైనా ఒకటే. ఐక్యరాజ్యసమితి 1982లో నిర్ణయించిన జూన్ 4, దాడులకు బలైన అమాయక బాలల దినం, దాన్ని కూడా వాడుకోవచ్చు.

---

ఆరాధన క్రమం

40 నిమిషాలు సరిపోతాయి, లెక్క తప్పకపోతే. ఎక్కువగా తప్పేది ప్రసంగం దగ్గర. 8 నిమిషాలు అనుకున్నది 20 అవుతుంది, చివర్లో ప్రార్థనలు పరుగు తీస్తాయి. ఈ ఆరాధనలో ప్రార్థనలే ముఖ్యం కాబట్టి వాటికి 12 నిమిషాలు ముందే పక్కన పెట్టేయండి.

మొదట 2 నిమిషాల మౌనం. తర్వాత 13వ కీర్తన, ఇరువైపులా వంతులవారీగా, 3 నిమిషాలు. 124వ కీర్తన ఈ రోజుకి నియమించిన పాఠమే. కానీ "పక్షి వలలోనుంచి తప్పించుకున్నట్టు తప్పించుకున్నాం" అనేది బతికి బయటపడినవాళ్ల పాట. తప్పించుకోలేని పిల్లల రోజున దాన్ని ముందు పెడితే గుండెకి గుచ్చుకుంటుంది. వాడాలనుకుంటే చివర్లో, శరణార్థుల కోసం వాడండి. తర్వాత సువార్త పఠనం 3 నిమిషాలు, మళ్లీ 2 నిమిషాల మౌనం, ధ్యానం 8, ఒక పాట 4, ప్రార్థనలు 12. ఆపైన యిర్మీయా 31:16-17 ఒక నిమిషం, ప్రభువు నేర్పిన ప్రార్థన ఒక నిమిషం, కానుకకీ ముగింపు ఆశీర్వచనానికీ కలిపి 4. మొత్తం 40.

పఠనం 18వ వచనంతో ఆపాలి. చదివేవాళ్లకి అలవాటుగా 19 కూడా వచ్చేస్తుంది, "హేరోదు చనిపోయిన తరువాత" అని. అది వినగానే అందరూ హమ్మయ్య అనుకుంటారు. ప్రతిలో 18 కింద గీత గీసి ఇవ్వండి. నాటకంలా గొంతు పెంచి చదవక్కర్లేదు. ఒక్కరే, మామూలు గొంతుతో, కాస్త నెమ్మదిగా చదివితే చాలు.

మౌనం ముందే చెప్పి పాటించాలి. "రెండు నిమిషాలు మౌనంగా ఉందాం" అని చెప్పకపోతే 30 సెకన్లకే ఎవరో మరిచిపోయారేమో అనుకుని పాట ఎత్తుతారు. నడిపించేవాళ్లు గడియారం చూసుకోవాలి. తోచిన అంచనాతో వదిలేస్తే రెండు నిమిషాలు ఎప్పుడూ నలభై సెకన్లే అవుతాయి. కింద సంగీతం వాయించొద్దు.

ధ్యానం నిమిషానికి వంద మాటల లెక్కన 800 మాటలు రాసుకోండి. చూసి చదివినా తప్పులేదు, ఇలాంటి రోజున నోటికొచ్చింది మాట్లాడటమే ప్రమాదం.

బల్ల మీద 20 చిన్న దీపాలు, వెలిగించకుండా. పైన వాక్యధ్యానం గారు చెప్పిన ఇరవై ఉయ్యాలలు అవే. ఒక్కో ప్రార్థనకి ఒక్కో దీపం వెలిగించాలి. కొందరు ముందే అన్నీ వెలిగించి, 16వ వచనం చదువుతుంటే ఒక్కొక్కటే ఆర్పేస్తారు. అలా వద్దు. అది చంపడాన్ని మన చేతులతో అభినయించడం అవుతుంది, చూస్తున్న పిల్లలు హడలిపోతారు. ఒత్తులు ముందురోజే ఒకసారి వెలిగించి ఆర్పి ఉంచండి. కొత్త ఒత్తి అంటుకోవడానికి టైం తీసుకుంటుంది, అందరూ ప్రార్థన మరిచి అగ్గిపుల్ల వైపే చూస్తారు. పొడవాటి కొవ్వొత్తి ఒకటి ముందే వెలిగించి పెట్టుకుని దానితో అంటించాలి. ఫ్యాన్లు ఆపేయించండి.

బాంబుల మోత స్పీకర్లలో వినిపించడం, ఉన్నట్టుండి లైట్లన్నీ ఆర్పడం, చనిపోయిన పిల్లల ఫోటోలు తెర మీద వేయడం, ఈ మూడూ పూర్తిగా మానేయండి. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఆ గుంపులో ఉన్నారో లేదో మీకు తెలియదు. ఆరాధన మొదట్లోనే "ఈ రోజు పిల్లల మరణం గురించి చదువుతాం, ఎవరైనా బయటికి వెళ్లి కూర్చోవాలనుకుంటే వెళ్లొచ్చు" అని ఒక్క వాక్యం చెప్పి, తలుపు దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి.

---

పిల్లల రక్షణ

ప్రార్థనలు "లోకశాంతి" దగ్గర ఆగిపోకుండా ఉండటానికి సులువైన దారి ఒకటుంది. యుద్ధంలో పిల్లల మీద జరిగే తీవ్ర ఉల్లంఘనలని ఐక్యరాజ్యసమితి ఆరు రకాలుగా గుర్తించి లెక్కిస్తుంది: చంపడం లేదా అంగవైకల్యం కలిగించడం, సైన్యాల్లోకి చేర్చుకుని వాడుకోవడం, లైంగిక హింస, బడుల మీద ఆసుపత్రుల మీద దాడులు, ఎత్తుకుపోవడం, సహాయాన్ని అందకుండా అడ్డుకోవడం. భద్రతా మండలి 1999లో 1261 తీర్మానంతో ఈ విషయాన్ని చేపట్టింది. 2005లో 1612 తీర్మానంతో లెక్క తీసే యంత్రాంగం వచ్చింది. ఆరు ఉల్లంఘనలకి ఆరు ప్రార్థనలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది, మీ 12 నిమిషాలు సరిగ్గా సరిపోతాయి.

అంకెలు వాడితే ఒకటి రెండు చాలు, కానీ సరిగ్గా వాడాలి. 2025లో వచ్చిన ప్రధాన కార్యదర్శి నివేదిక 41,370 తీవ్ర ఉల్లంఘనలను ధ్రువీకరించింది, బాధితులైన పిల్లలు 22,495. పిల్లల సంఖ్య కంటే ఉల్లంఘనల సంఖ్య ఎక్కువెందుకని అడుగుతారు. ఒకే బిడ్డ మీద రెండు మూడు రకాల ఘోరాలు జరుగుతాయి. పైగా బడి మీద దాడిని, లారీలు ఆపేయడాన్ని ఒక్కో సంఘటనగా లెక్కిస్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇవి సాక్ష్యం దొరికి ధ్రువపడినవి మాత్రమే. పోరు జరుగుతున్నచోటికి లెక్క తీసేవాళ్లు వెళ్లలేరు. అందుకే అంకెకి ముందు "కనీసం" అన్న మాట తప్పక పెట్టండి.

ఆరోది, సహాయాన్ని అడ్డుకోవడం, వినడానికి ఆఫీసు కాగితంలా ఉంటుంది. దాన్ని చేతికి తగిలేలా చేయొచ్చు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల తిండి లోపాన్ని మోచేతి పైభాగం చుట్టుకొలతతో చూస్తారు. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన, చేయి వదులుగా వేలాడుతుంటే, టేపు చుడతారు. 12.5 సెంటీమీటర్లకి పైన ఆకుపచ్చ, 11.5 నుంచి 12.5 వరకు పసుపు, 11.5 కంటే తక్కువైతే ఎరుపు. ఎరుపంటే ప్రాణాపాయం. మీరు కాగితం పట్టీలు కత్తిరించి, 11.5 సెంటీమీటర్ల దగ్గర గీత పెట్టి, ఆ గీత దాకా చుట్టి అంటించి ఉంగరంలా చేయండి. అడ్డంగా 3.7 సెంటీమీటర్లకి మించదు. గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కోటి ఇవ్వండి, ఏమిటని అప్పుడే చెప్పొద్దు. ప్రార్థన సమయంలో "ఇది ఒక పసిబిడ్డ చేయి పట్టే కొలత" అని చెబితే ఇక వేరే వివరణ అక్కర్లేదు. పెద్దవాళ్ల రెండు మూడు వేళ్లే పడతాయి అందులో.

ఆ బిడ్డ తేరుకోవడానికి వాడేది వేరుసెనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలు కలిపిన పొట్లం. ఒక్కోటి 92 గ్రాములు, 500 కేలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. నీళ్లు కలుషితమైన యుద్ధభూమిలో అదే దాని గొప్పదనం. అయితే ఇది ఒక్కపూట భోజనం కాదు, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆపకుండా ఇవ్వాలి. మూడో వారంలో దారి మూసేస్తే ఆ బిడ్డ మళ్లీ ఎరుపులోకి జారుతుంది. లారీని ఆపినవాడు తుపాకీ పేల్చలేదు, కానీ జరిగేది అదే. చాలా యుద్ధాల్లో ఆయుధాల కంటే ఆకలికీ రోగాలకీ పోయే పిల్లలే ఎక్కువన్న సంగతి కూడా ఇక్కడే చెప్పండి.

గాయపడిన పిల్లల గురించి ప్రార్థించేటప్పుడు "స్వస్థపరచుము" అని వదిలేయకండి. కాలు పోయిన పెద్దవాడికి కృత్రిమ కాలు కొన్నేళ్లు వస్తుంది. ఎదిగే బిడ్డకి ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. మిగిలిన ఎముక చుట్టూ ఉన్న కండ కంటే వేగంగా పెరిగి, చర్మాన్ని పొడుచుకుని వస్తుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఆపరేషన్లు కావాలి. యుద్ధం ఆగిన పదేళ్లకి కూడా ఆ బిడ్డకి యుద్ధం ఆగదు. ప్రార్థనలో ఆ పదేళ్లూ ఉండాలి.

సైన్యాల్లోకి చేర్చుకున్న పిల్లలంటే తుపాకీ పట్టినవాళ్లే అనుకుంటారు. వంటకి, మూటలు మోయడానికి, కబుర్లు చేరవేయడానికి, గూఢచర్యానికి వాడుకున్న 18 ఏళ్లలోపు వాళ్లంతా ఆ లెక్కలోకే వస్తారని 2007 నాటి ప్యారిస్ సూత్రాలు చెబుతాయి. అందులో ఆడపిల్లలూ ఉంటారు. తిరిగొచ్చాక ఊళ్లోవాళ్లు దగ్గరికి రానివ్వకపోవడం వాళ్లకి రెండో శిక్ష. మీ ప్రార్థనలో వాళ్లని నేరస్థులుగా కాకుండా పిల్లలుగా పిలవండి. 15 ఏళ్లలోపు వాళ్లని చేర్చుకోవడం అంతర్జాతీయ చట్టం ప్రకారం యుద్ధనేరం. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2012లో ఇచ్చిన మొట్టమొదటి తీర్పు, కాంగో సాయుధ ముఠా నాయకుడు థామస్ లుబాంగా మీద, ఈ నేరానికే.

ఒక నమూనా రాస్తున్నాను, మిగతా ఐదూ ఈ పద్ధతిలోనే రాసుకోవచ్చు:

"ప్రభువా, దారి మధ్యలో ఆగిపోయిన లారీల కోసం ప్రార్థిస్తున్నాం. వాటిలో ఉన్న ఆహారం కోసం చేయి చాపిన బిడ్డ కోసం, ఆ చేయికి టేపు చుట్టి రంగు చూసే నర్సు కోసం. దారి మూయమని ఆజ్ఞ రాసిన చేతిని ఆపు. ఆ ఆజ్ఞని పాటించాల్సిన సైనికుడికి కాదనే ధైర్యం ఇవ్వు. ప్రభువా, ఎన్నాళ్లు?"

చివరి రెండు మాటలు అందరూ కలిసి అనాలి. ఆపైన 20 సెకన్ల మౌనం, దీపం. ప్రతి ప్రార్థనలో బాధపడే బిడ్డ, ఆదుకునే మనిషి, తప్పు చేసే మనిషి, ముగ్గురూ ఉండేలా చూడండి. మూడోవాణ్ణి వదిలేస్తే ఇదంతా తుఫానులో జరిగిన నష్టంలా వినబడుతుంది.

కానుక తీస్తే డబ్బుగానే పంపండి. పాత బట్టలు, బొమ్మలు పోగుచేస్తే వాటి రవాణాకే ఖర్చవుతుంది, గోదాముల్లో మందుల చోటు తినేస్తాయి.

---

సాయంకాల ప్రార్థన

చాలా కృతజ్ఞతలు అండి. ఇంత ప్రాణం పెట్టి రాస్తారని అనుకోలేదు. ఇంకా మూడు మిగిలాయి. దేశాల పేర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరాధనకి చిన్నపిల్లలు కూడా వస్తారు, వాళ్లని ఎలా కూర్చోబెట్టాలి? 137వ కీర్తన పెట్టమని కొందరు సూచించారు, చివరి వచనం చూసి భయమేసింది.

---

పిల్లల రక్షణ

ఆరేళ్లలోపు వాళ్లని సువార్త పఠనం నుంచి ప్రార్థనల దాకా పక్క గదిలో ఉంచడమే మంచిది. ఏడు నుంచి పదకొండు మధ్యవాళ్లు ఉండొచ్చు, కానీ ముందుగా ఓ పది నిమిషాలు వాళ్లతో మాట్లాడాలి. చెప్పడం కాదు, మొదట అడగాలి: "యుద్ధం గురించి ఏం విన్నావు?" వాళ్ల బుర్రలో ఉన్న భయం మనం ఊహించింది కాకపోవచ్చు. తప్పుగా విన్నది ఉంటే రెండు వాక్యాల్లో సరిచేయాలి. "మనకెప్పుడూ ఏమీ కాదు" అని మాట ఇవ్వొద్దు. "నిన్ను చూసుకోవడానికి మేం ఉన్నాం" అనడం నిజం, అది చాలు. కాగితం ఉంగరాలు చేయడం వాళ్లకే అప్పగించండి, చేతికి పని ఉంటే భయం కాస్త తగ్గుతుంది. పన్నెండు దాటినవాళ్లకి ఒక ప్రార్థన చదవడానికి ఇవ్వండి.

యుద్ధం చూసి వచ్చిన పిల్లలుంటే ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమనకండి. చెప్పాలనుకుంటే ఒక్కరి దగ్గర, వాళ్లకి నచ్చినప్పుడు చెబుతారు. పక్క తడపడం, పీడకలలు, అదే ఆట మళ్లీ మళ్లీ ఆడటం మొదటి వారాల్లో మామూలే. నెల దాటినా తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యులకి చూపించాలి. ప్రార్థన దానికి బదులు కాదు.

పేర్ల గురించి: పేర్లు ఎత్తకపోవడం కూడా ఒక పక్షమే అవుతుంది. ఒక్క యుద్ధాన్నే ఎత్తడమూ అంతే. అక్షర క్రమంలో చదివేయండి: ఇజ్రాయెల్, ఉక్రెయిన్, కాంగో, గాజా, నైజీరియా, మయన్మార్, సూడాన్, సోమాలియా, హైతీ. ఏది ముందు, ఏది వెనక అన్న గొడవ ఉండదు. నాయకుల పేర్లు, కారణాల విశ్లేషణ ప్రార్థనలోకి తేవద్దు. ప్రతి పేరుకీ "పిల్లలు" అన్న మాట కలపండి: ఇజ్రాయెల్ పిల్లలు, ఉక్రెయిన్ పిల్లలు, ఇలా.

---

వాక్యధ్యానం

137వ కీర్తన చివరి వచనం శత్రువుల పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడంటుంది. రోమన్ దైనిక ప్రార్థనల పుస్తకంలో 7 నుంచి 9 వచనాలు తీసేశారు. ఈ రోజున నడిపించేవాళ్లు దాన్ని వివరించగలిగితే తప్ప చదవొద్దని నా సలహా. వివరిస్తే మాత్రం చాలా లోతైన మాట అది. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ల నోటి నుంచే ఎదుటివాళ్ల పిల్లల చావు కోరిక పుడుతుందని ఆ కీర్తన దాచకుండా చూపిస్తుంది. రాహేలు కూడా అదే చెరని చూసి ఏడ్చింది. ఓదార్పు వద్దంది, కానీ ఇంకో తల్లి బిడ్డని అడగలేదు. ఆ రెండు ఏడుపుల మధ్య తేడా ధ్యానంలో చెప్పగలిగితే చెప్పండి. లేకపోతే 13 చాలు.

తెర మీద ఏదైనా చూపించాలనుకుంటే ఫోటోల బదులు ఒక పాత చిత్రం ఉంది. పీటర్ బ్రూగెల్ 1565-67 ప్రాంతంలో బేత్లెహేము హత్యల్ని తన కాలపు ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) పల్లెలో, మంచులో, తన కాలపు సైనికులతో గీశాడు. అది రెండో రుడాల్ఫ్ చక్రవర్తి చేతికి వచ్చాక పిల్లల మీద రంగు పూయించి వాటిని పశువులుగా, కోళ్లుగా, మూటలుగా మార్పించారు. మంచులో కూర్చున్న ఒక తల్లి ఒడిలో ఉన్న చనిపోయిన బిడ్డ మూట అయిపోయింది. ఇప్పుడు ఆ చిత్రం ఇంగ్లండు రాజకుటుంబ సేకరణలో ఉంది. పై రంగు అక్కడక్కడా పలచబడి, దగ్గరగా చూస్తే కింది పిల్లలు లీలగా కనబడతారు. బ్రూగెల్ కొడుకు గీసిన నకళ్లలో పిల్లలు పిల్లలుగానే మిగిలారు. తెర మీద ఆ తల్లి ఒడిని మాత్రం పెద్దది చేసి చూపించి, ఏడుస్తున్నది మూట కోసమా అని అడగండి. వార్తల్లో పౌరుల చావుల్ని "అనుబంధ నష్టం" అన్నప్పుడల్లా జరిగేది ఆ రంగు పూతే.

మంత్రసానుల సంగతి కూడా వీలైతే ఒక్క ముక్క చేర్చండి. నిర్గమకాండము 1లో మగపిల్లల్ని చంపమన్న ఫరో ఆజ్ఞని షిఫ్రా, పూయా పాటించలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు లేఖనంలో ఉన్నాయి, ఆ రాజు పేరు లేదు. ఆజ్ఞని కాదనే ధైర్యం కోసం పైన రాసిన ప్రార్థనకి అదే ఆధారం.

---

సాయంకాల ప్రార్థన

ఒక్కటే మిగిలింది. ఆరు ప్రార్థనలకి ఆరు దీపాలు వెలుగుతాయి. మిగతా 14 ఎప్పుడు వెలిగించాలి? అందరూ వచ్చి తలా ఒకటి వెలిగిస్తామంటారేమో.

---

ఆరాధన క్రమం

వెలిగించొద్దు. అడిగితే, అవి వెలిగించడానికి ఇంకా సమయం రాలేదని చెప్పండి. యిర్మీయా 31:16-17 చదివేటప్పుడు కూడా అవి అలాగే ఉండాలి. వాగ్దానం చదువుతాం, అది పూర్తిగా నెరవేరినట్టు నటించం. మత్తయి 2:22లో హేరోదు పోయాక కూడా యోసేపు అతని కొడుకు అర్కెలాయుకి భయపడే ఉన్నాడు.

ముగింపు ఆశీర్వచనం తర్వాత వాద్యాలేవీ వద్దు, జనం మెల్లగా లేచి వెళ్తారు. కాగితం ఉంగరాలు వెనక్కి తీసుకోకండి, ఇంటికి పట్టుకెళ్లనివ్వండి. ఆరు దీపాలనీ చివరి మనిషి బయటికి వెళ్లాకే ఆర్పండి, 14 ఒత్తులనీ మర్నాటి దాకా బల్ల మీదే ఉంచేయండి.